పాత పెన్నీకి ధర కట్టేదెవరు?

2025 నవంబరు 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చలామణి కోసం ఆఖరి పెన్నీలు కొట్టారు. 1793లో మొదలైన అమెరికన్ సెంటు కథ అక్కడితో ఆగింది. 2024 ఆర్థిక సంవత్సరంలో ఒక్కో సెంటు తయారీకి 3.69 సెంట్లు ఖర్చయిందని టంకశాల లెక్క. ముద్రణ ఆగిందన్న వార్త రాగానే అక్కడి ఇళ్లలో ఏళ్ల తరబడి మూల పడి ఉన్న చిల్లర సీసాలన్నీ బయటికొచ్చాయి. 'వీటికి ధర వస్తుందా?' అన్నది అందరి ప్రశ్న. న్యూజెర్సీలో ఉంటున్న ఒక తెలుగు కుర్రాడికి పాత నాణేల సేకరణ అలవాటు. అతని మేనత్త రాజమండ్రిలో బ్యాంకు క్యాషియరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ అతని దగ్గరికి వచ్చినప్పుడు, ఒక పెన్నీల సీసా ముందు పెట్టుకుని వాళ్లిద్దరికీ ఈ ప్రశ్న మీద జరిగిన వాదన ఇది. తేలిగ్గా తగ్గే మనుషులు కారు ఇద్దరూ.

అత్తయ్య: ఇంత బరువు ఇంట్లో ఎందుకురా? బ్యాంకుకి పట్టుకెళ్లి వేసెయ్. పెన్నీ అంటే సెంటు, వంద పెన్నీలు ఒక డాలరు. నాణెం మీద ఎంత రాసుంటే అంతే దాని విలువ. నా సర్వీసంతా చిల్లర లెక్కపెట్టడంతోనే సరిపోయింది. పాతదని చెప్పి ఒక్క పైసా ఎక్కువ జమ చేసిన బ్యాంకుని నేను చూళ్లేదు.

మేనల్లుడు: బ్యాంకు ఎప్పటికీ చెయ్యదు అత్తయ్యా. ఎక్కువ ఇచ్చేది సేకరించేవాళ్లు. వాళ్లకు కావలసినది ఈ సీసాలో ఉందో లేదో చూడకుండా బ్యాంకులో పోసెయ్యడం ఎందుకు?

అత్తయ్య: నాకు భయం పుట్టించేది సరిగ్గా ఈ మాటే. మన ఊళ్లో ఫోన్లలో తిరిగేది కూడా ఇదే. ట్రాక్టరు బొమ్మ ఉన్న అయిదు రూపాయల నోటుంటే లక్షలిస్తామంటారు. నమ్మి ఫోన్ చేస్తే ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమంటారు, ఆ తర్వాత పన్ను కట్టమంటారు. రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన కూడా ఇచ్చింది. మా పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారు, మేము అలాంటి లావాదేవీలు చెయ్యం, చెయ్యమని ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని. అయినా పెన్షన్ డబ్బులు పోగొట్టుకునేవాళ్లు పోగొట్టుకుంటూనే ఉన్నారు.

మేనల్లుడు: అమ్మేవాణ్ణి ఎదురు డబ్బు అడిగితే అది మోసమే. అందులో వాదన లేదు. పాతది కాబట్టి విలువ అని నేనూ అనడం లేదు. నాలుగో శతాబ్దపు రోమన్ కంచు నాణేలు, అరిగిపోయినవి, పది ఇరవై డాలర్లకే దొరుకుతాయి. పదిహేడు వందల ఏళ్ల వయసుకి దక్కేది అంతే. ఈ పెన్నీ చూడండి, 1944ది. వెనకవైపు రెండు గోధుమ కంకులున్నాయి. 1909 నుంచి 1958 దాకా ఇలాగే కొట్టారు. దీనికి ఎనభై ఏళ్లు దాటినా కొనే వ్యాపారి కొన్ని సెంట్లు ఇస్తాడు, అంతే. 1944లో ఒక్క ఏడాదే రెండు వందల కోట్లకు పైగా ముద్రించారు మరి.

అత్తయ్య: అయితే నా మాటే నిజమైందిగా.

మేనల్లుడు: ఇందాక చూసిన 1944 నాణెం వరకు నిజమే. 1909 సంగతి వినండి. లింకన్ పుట్టి నూరేళ్లయిందని ఆ ఏడాది ఆయన బొమ్మతో కొత్త పెన్నీ తెచ్చారు. బొమ్మ చెక్కిన శిల్పి విక్టర్ డేవిడ్ బ్రెన్నర్. ఆయన పొడి అక్షరాలు వి.డి.బి. వెనకవైపు అడుగున, కంకుల కాడల మధ్య వేశారు. అంత కొట్టొచ్చినట్టు వేయడమేమిటని గోల రావడంతో రోజుల్లోనే తీసేశారు. అప్పటికే ఫిలడెల్ఫియాలో ఆ అక్షరాలతో 2.8 కోట్ల దాకా తయారయ్యాయి, శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం 4,84,000. ఏడాది ఒకటే, బొమ్మ ఒకటే, అక్షరాలూ అవే. శాన్‌ఫ్రాన్సిస్కో నాణేనికి ముందువైపు సంవత్సరం కింద చిన్న 'ఎస్' ఉంటుంది, తేడా అంతే. ఆ 'ఎస్' లేనిది పది డాలర్ల చుట్టుపక్కల పలుకుతుంది, ఉన్నది బాగా అరిగిపోయినా వందల డాలర్లు పలుకుతుంది.

అత్తయ్య: మన నాణేల మీదా ఉంటుందిగా అది. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు టంకశాల, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. క్యాషియర్లం మేము అవన్నీ చూసేవాళ్లం. చూసినంత మాత్రాన నక్షత్రం ఉన్న రూపాయిని రూపాయి పావలాగా ఎవరూ లెక్కపెట్టలేదు. 'ఎస్' ఉన్న సెంటుతో ఎక్కువ సరుకేమీ రాదే! అరుదు అంటావు. అరుదైనవన్నీ విలువైనవైతే మా పెద్దనాన్న చేతిరాత లోకంలో ఒక్క డైరీలోనే ఉంది, దాన్ని ఎవరు కొంటారు?

ఈ ప్రశ్న దగ్గర కుర్రాడు కాసేపు ఆగాడు. ఆగాల్సిన చోటే అది. తక్కువ ఉన్నవన్నీ ధర పలకవు. తక్కువ ఉన్నదాన్ని కోరుకునేవాళ్లు ఉన్నవాటికన్నా ఎక్కువైనప్పుడే ధర పుడుతుంది. పెన్నీల విషయంలో ఆ కోరికకి ఒక ఆధారం ఉంది. సేకరించేవాళ్ల ఆల్బములో ఏడాదికొకటి, టంకశాలకొకటి చొప్పున గుంటలుంటాయి. లక్షలమంది అమెరికన్ పిల్లలు జేబు చిల్లరతో ఆ గుంటలు నింపుతూ పెరిగారు. 1909 శాన్‌ఫ్రాన్సిస్కో గుంట ఒక్కటే ఖాళీగా మిగిలిన ఆల్బములు ఎన్ని ఉంటే, ఆ నాణేనికి గిరాకీ అంత. కుర్రాడు కూడా దాదాపు ఇదే చెప్పి, ఇంకో మెట్టు ముందుకు వెళ్లాడు.

మేనల్లుడు: ఎన్ని ముద్రించారన్నది కూడా పూర్తి లెక్క కాదు అత్తయ్యా, ఎన్ని మిగిలాయో చూడాలి. 1931లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 8,66,000 పెన్నీలే కొట్టారు. 1914లో డెన్వర్‌లో 11,93,000. మొదటిది తక్కువ కదా, దానికే ధర ఎక్కువ ఉండాలి. ఉన్నది తిరగబడి. 1931 నాణెం తక్కువగా వచ్చిందని తెలిసి జనం కొత్తవి కొత్తవిగానే దాచేసుకున్నారు. 1914 డెన్వర్‌ని ఎవరూ పట్టించుకోలేదు, చేతులు మారి మారి అరిగిపోయింది. ఇవాళ మెరుపు పోని 1914 డెన్వర్ పెన్నీకి వేల డాలర్లివ్వాలి, అదే మెరుపున్న 1931ది అందులో చిన్న భాగానికే వస్తుంది.

అత్తయ్య: అంటే జనం దాచుకోనిదానికే విలువ. సరే, ఆ లెక్క బాగానే ఉంది. మెరుపు కావాలంటున్నావు కదా, మరి ఈ నల్లబడ్డవన్నీ కాస్త చింతపండు పెట్టి తోమితే పోలా? రాగి చెంబులు పెళ్లినాటికి ఉన్నట్టు అయిపోతాయి.

మేనల్లుడు: అయ్యో, ఆ ఒక్క పనీ చెయ్యకండి! పులుపు తగిలితే పైపొర కరిగిపోతుంది. కొత్త నాణెం మీద అచ్చు దెబ్బకి లోహం పాకిన సన్నటి గీతలుంటాయి. దీపం కింద తిప్పితే వెలుగు వాటి మీద చక్రంలా తిరుగుతుంది. తోమితే ఆ గీతలు పోయి, గులాబీ రంగు చదును మిగులుతుంది. చూడగానే తెలిసిపోతుంది. నాణేలు పరీక్షించి పెట్టెలో సీలు వేసిచ్చే సంస్థలున్నాయి, పి.సి.జి.ఎస్., ఎన్.జి.సి. లాంటివి. కడిగిన నాణేనికి వాళ్లు మామూలు గ్రేడు ఇవ్వరు, కడిగారని పైనే రాస్తారు. అక్కడితో ధర సగానికో ఇంకా కిందికో పడిపోతుంది. మురికి ఉన్నా పరవాలేదు, అంచులు పట్టుకుని చూడడమే.

అత్తయ్య: ఆ గ్రేడ్లు ఇచ్చేదెవరు? ఎవరో ఒక మనిషి కళ్లే కదా.

మేనల్లుడు: కళ్లే. 1 నుంచి 70 దాకా అంకెలున్నాయి. 1949లో విలియం షెల్డన్ అనే ఆయన తొలినాటి పెద్ద సెంట్ల కోసం ఆ కొలత పెట్టాడు. ఆయన అంకెలు పుట్టిందే ధరల నుంచి. 70 అంకె నాణెం 1 అంకె నాణేనికి డెబ్భై రెట్లు పలుకుతుందన్న ఊహ మీద కట్టాడు. ధరల లెక్క తర్వాత తప్పిపోయింది, అంకెలు మిగిలాయి.

అత్తయ్య: చూశావా! కొలబద్దే బజారు ధర చూసి గీసుకున్నారన్నమాట. ఆ కొలబద్దతో మళ్లీ బజారు ధర కొలుస్తున్నారు. గుండ్రంగా తిరుగుతోందిరా ఈ వ్యవహారం.

మేనల్లుడు: కొంత తిరుగుతోంది, ఒప్పుకుంటాను. కానీ బరువు తిరగదు, అయస్కాంతం తిరగదు. 1943 తీసుకోండి. యుద్ధానికి రాగి కావాలని ఆ ఏడాది పెన్నీలు ఉక్కుతో చేసి పైన జింకు పూత వేశారు. నూరు కోట్లకు పైగా వచ్చాయి. తెల్లగా ఉంటాయని చాలామంది వెండి అనుకుని దాచుకుంటారు. అరిగినదానికి ఒక్క డాలరు కూడా రాదు.

అత్తయ్య: 1943లోనే మన దగ్గర చిల్లు కాణీ వచ్చింది. నడుమ రంధ్రం పెట్టి రాగి మిగిల్చారు. మా నానమ్మ మొలతాడుకి కట్టేది పిల్లలకి. అంటే అక్కడా ఇక్కడా ఒకే యుద్ధం, ఒకే కరువు.

మేనల్లుడు: అవును. ఇప్పుడు అసలు కథ వినండి. 1943లో పొరపాటున కొన్ని పాత కంచు బిళ్లలు యంత్రంలో ఉండిపోయి, ఉక్కు బిళ్లలతోపాటు అవీ పెన్నీలయ్యాయి. ఇప్పటిదాకా బయటపడ్డవి కొద్ది పదులు మించవు. 1947లో మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో డాన్ లూట్స్ అనే పదహారేళ్ల కుర్రాడికి స్కూలు క్యాంటీన్ చిల్లరలో ఒకటి దొరికింది. అలాంటిది తెచ్చినవాళ్లకి ఫోర్డ్ కారు ఇస్తుందని పుకారు. అడిగితే అదేం లేదన్నారు. ప్రభుత్వ ఖజానా శాఖకి రాస్తే, 1943 పెన్నీలన్నీ ఉక్కువే, కంచువి లేనే లేవని జవాబొచ్చింది. అతను నమ్మలేదు, పారెయ్యలేదు. జీవితాంతం దాచుకున్నాడు. 2019 జనవరిలో వేలంలో అది 2,04,000 డాలర్లకి పోయింది. ఆ డబ్బు ఊరి గ్రంథాలయానికి వెళ్లింది.

అత్తయ్య: ముద్రించిన ప్రభుత్వమే లేదు పొమ్మన్నదా?

మేనల్లుడు: అవును. అందుకే అంటున్నాను, నాణెం మీద రాసిందే ఆఖరి మాట కాదు, ముద్రించినవాళ్ల మాట కూడా ఆఖరిది కాదు. నాణేన్ని చూడాలి.

అత్తయ్య: చూస్తే ఎలా తెలుస్తుంది? ఉక్కుదానికి రాగి పూత వేసి అమ్మేస్తే?

మేనల్లుడు: వేస్తారు కూడా. అయస్కాంతం దగ్గర పెడితే ఉక్కు ఎగిరి అంటుకుంటుంది, కంచు కదలదు. ఇంకో మోసముంది, 1948లోని 8ని గీకి 3 చేస్తారు. దాన్ని అయస్కాంతం పట్టుకోలేదు, భూతద్దం పట్టుకుంటుంది. 3 అంకె ఎడమ పక్క లోహం గీరుకుపోయి ఉంటుంది.

అత్తయ్య ఆ మాటతో భూతద్దం తనే తీసుకున్నారు. నోట్ల మీద నీటిగుర్తులూ దారాలూ చూసిన కళ్లవి. సీసాలోంచి ఆవిడ ఏరిన నాణెం మీద 1955 ఉంది.

అత్తయ్య: ఇదిగో, ఇక్కడ చివరి 5 రెండుగా ఉందేమిటి? నీడలాగా.

మేనల్లుడు: ఇటివ్వండి. 1955లో డబుల్డ్ డై అని ప్రసిద్ధమైన నాణెం ఒకటుంది. అప్పట్లో అచ్చు తయారుచేసేటప్పుడు మూసని దాని మీద ఒకసారి కంటే ఎక్కువ నొక్కేవారు. రెండోసారి నొక్కినప్పుడు కాస్త పక్కకి జరిగింది. ఆ అచ్చుతో వచ్చిన పెన్నీలు మిగతావాటిలో కలిసిపోయాయి. ఇరవై వేల పైచిలుకు బయటికెళ్లాయని అంచనా. చాలా వరకు సిగరెట్ పెట్టెలతోనే వెళ్లాయంటారు. ప్యాకెట్టు 23 సెంట్లు, యంత్రంలో వేసేది పావు డాలరు. మిగిలిన రెండు పెన్నీలు ప్యాకెట్ల కాగితంలోనే పెట్టి ఇచ్చేవారట. దానికి వెయ్యి డాలర్ల పైమాటే. అయితే...

అత్తయ్య: ఇది అది కాదు.

మేనల్లుడు: ఎలా చెప్పగలిగారు?

అత్తయ్య: అచ్చే జరిగిందంటున్నావు కదా. అచ్చు జరిగితే నాలుగంకెలూ జరగాలి, పైన రాసిన అక్షరాలూ జరగాలి. ఇందులో ఒక్క 5 మాత్రమే చెదిరింది. అచ్చు అరిగిపోయి ఉంటుంది.

మేనల్లుడు: నూటికి నూరుపాళ్లు! దీన్నే బీదవాడి డబుల్ డై అంటారు. మామూలు ధర మీద కాస్త ఎక్కువ, అంతే. అసలుదానికి భూతద్దం కూడా అక్కర్లేదు, 'లిబర్టీ' అన్న మాట, సంవత్సరం రెండేసి సార్లు మామూలు కంటికే కనపడతాయి.

ఆవిడ గెలిచారనే నా లెక్క. పుస్తకంలో లేని పద్ధతితో, తప్పు ఎలా పుడుతుందో ఆలోచించి నాణేన్ని పట్టేశారు. ఒక నాణెం వింతగా కనపడగానే ధర అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. ఆ వింత ముద్రణలో పుట్టిందా, ముద్రణ తర్వాత జేబుల్లోనో ఎవరి సుత్తి కిందో పుట్టిందా అని అడిగేవాళ్లు తక్కువ. టంకశాల దాటాక తగిలిన దెబ్బకి ఎవరూ ధర కట్టరు.

అత్తయ్య: సరే, ఒకటి నిజంగానే దొరికిందనుకో. ధర ఎలా తెలుసుకుంటావు? ఇందాక నీ ఫోనులో చూశాను, మామూలు 1982 పెన్నీకి ఎవరో పదివేల డాలర్లు పెట్టాడు.

మేనల్లుడు: పెట్టాడు, అమ్ముడుపోలేదు. అడిగిన ధర చూడకూడదు. అదే సంవత్సరం, అదే టంకశాల, అదే గ్రేడు నాణెం వేలంలో ఎంతకి పోయిందో చూడాలి. 'రెడ్ బుక్' అని ఏటా వచ్చే ధరల పుస్తకం ఉంది, అందులోదీ వ్యాపారి అమ్మే ధరే. మన దగ్గర కొనేటప్పుడు అంతకంటే తక్కువిస్తాడు. గ్రేడింగుకి పంపాలంటే ఫీజు, పోస్టేజీ, ఇన్సూరెన్సు కలిపి ముప్పై డాలర్లకు తక్కువ కాదు. అందుకని వంద డాలర్లయినా దాటదనుకున్న నాణేన్ని నేనెప్పుడూ పంపను.

అత్తయ్య: ఇదొక్కటీ నాకు నచ్చింది. ఎవడో అడిగాడు కాబట్టి కాదు, ఎవడో ఇచ్చాడు కాబట్టి విలువ. ఇప్పుడు నా మాట విను. ఈ సీసా నీది కాదు కదా, పక్కింటి ముసలావిడ ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చింది. ఆవిడకి ఇందులో ఏముందో తెలుసా?

మేనల్లుడు: తెలీదు. నాకూ తెలీదు కదా. చెత్తలో వెయ్యబోతుంటే అడిగి తెచ్చుకున్నాను.

అత్తయ్య: అడిగినప్పుడు నీకు నాణేల సంగతి తెలుసని చెప్పావా?

మేనల్లుడు: అవన్నీ ఎందుకు చెప్పాలి అత్తయ్యా? ఆవిడ పారేస్తున్నది, నేను నా సాయంత్రాలు పెట్టి వెతుక్కునేది. విలువ తీసుకొచ్చేది నా చదువు. తెలుసుకోవడానికి పెట్టిన శ్రమకి ఫలితం ఉండొద్దా?

అత్తయ్య: ఉండాలి. వెతికిన శ్రమకి వాటా అడుగు, తప్పులేదు. తెలిసినవాడు తెలియనివాడి దగ్గర సెంటు లెక్కన తీసుకోవడం మాత్రం ఒప్పుకోను. ఫోనులో మోసం చేసేవాడు లేని విలువ ఉందని చెప్తాడు. ఉన్న విలువ చెప్పకుండా మూసిపెట్టడం దానికి ఎంత దూరం? మొగుడు పోయిన ఆడవాళ్లు ఆయన దాచిన డబ్బాలు తెచ్చి నీలాంటివాళ్ల ముందు పోస్తారు. పైపైన చూసి 'మామూలువేనమ్మా' అని మూటకట్టి కొనేవాళ్లు ఉండరూ?

మేనల్లుడు: ఉంటారు. నేను చూశాను.

అత్తయ్య: మరి?

మేనల్లుడు: వాళ్లు డబ్బిచ్చి కొన్నారు, అబద్ధం చెప్పి కొన్నారు. నాకు ఆవిడ ఊరికే ఇచ్చింది. రెండూ ఒకటి కావు. ఒకవేళ 1909 'ఎస్' లాంటిది బయటపడితే తీసుకెళ్లి చూపిస్తాను. అయిదు పది డాలర్లవి దొరికితే ఉంచుకుంటాను.

అత్తయ్య: ఆ గీత ఎక్కడ గీస్తావు? ఇరవై డాలర్ల దగ్గరా, రెండొందల దగ్గరా? దొరికాక గీసే గీత ఎప్పుడూ మనవైపే జరుగుతుందిరా. వెతక్కముందే వెళ్లి చెప్పు.

కుర్రాడు ఔననలేదు, కాదనలేదు. వాదన రాగి మీదికి మళ్లింది. 1982 దాకా పెన్నీలో 95 శాతం రాగి, బరువు 3.11 గ్రాములు. ఆ తర్వాతవి జింకువి, పైన రాగి పూత, 2.5 గ్రాములు. 1982లో రెండు రకాలూ వచ్చాయి కాబట్టి ఆ ఏడాదివి తూచాల్సిందే. బల్ల మీద వదిలినా తెలుస్తుంది. రాగిది ఖంగుమంటుంది, జింకుది టక్కుమని పడిపోతుంది.

అత్తయ్య: పాత పెన్నీలో రాగి ఖరీదే మూడు సెంట్ల దాకా ఉంటుందన్నమాట. ఇంత సేపు తిరిగాం కానీ, కళ్లతో, కోరికలతో పనిలేని విలువ ఇదే కదా! తూకానికి అమ్మెయ్.

మేనల్లుడు: చట్టం ఒప్పుకోదు. పెన్నీలు, నికెల్ నాణేలు కరిగించకూడదని 2006 డిసెంబరులో నిషేధం పెట్టారు. పదివేల డాలర్ల దాకా జరిమానా, అయిదేళ్ల దాకా జైలు. దేశం దాటించడానికీ పరిమితి ఉంది, మీరు వెళ్లేటప్పుడు మామూలుగా అయిదు డాలర్లకు మించి పెన్నీలు పట్టుకెళ్లడానికి లేదు.

అత్తయ్య: మనకీ అంతే, 2011 చట్టంలో నాణెం కరిగించడం నేరం. అయితే మీ వాళ్లు ఒక్క మేలు చేశారు. ముద్రణ ఆపినా చెల్లుబాటు ఆపలేదు. మా పావలా 2011 జూన్ 30 నుంచి చెల్లకుండా పోయింది. ఆ నెలంతా మా కౌంటరు ముందు సంచులతో జనం. చివరి రోజు దాటాక వచ్చినవాళ్లని వెనక్కి పంపలేక నేను పడ్డ బాధ నాకు తెలుసు. కాబట్టి తొందరేం లేదు. జింకువి వేరు చెయ్, అవి రేపు బ్యాంకుకి. రాగివి, కంకులవి ఓ పక్కన పెట్టు.

మేనల్లుడు: వెతకడానికి ఒప్పుకున్నట్టేనా మరి?

అత్తయ్య: పక్కింటికి వెళ్లొచ్చాక ఒప్పుకుంటాను. నేనూ వస్తాను పద, ఆవిడకి వీలైతే ఇక్కడికే వచ్చి మనతో కూర్చుని ఏరుకోమందాం.